గురుంగ్ పల్లెల మీదుగా నడక: ఖుదీ నుంచి సిక్లేస్ దాకా

నేపాల్‌లో అన్నపూర్ణ ట్రెక్కింగ్ అనగానే మనవాళ్లకు బేస్ క్యాంపు, పూన్ హిల్, మహా అయితే ముక్తినాథ్ గుర్తొస్తాయి. ఆ దారుల్లో గంటకో లాడ్జి, గోడకో మెనూ ఉంటాయి. అన్నపూర్ణ శ్రేణికి దక్షిణాన, లమ్‌జుంగ్, కాస్కీ జిల్లాల కొండగట్ల మీద ఘన్‌పోఖరా, ఘలేగావ్, భుజుంగ్, పస్‌గావ్, యాంగ్జాకోట్, తాంగ్టింగ్, సిక్లేస్ అని గురుంగ్ అనే కొండజాతివాళ్ల ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి. రాతిగోడలు, పలకరాళ్ల కప్పులు, ఊరి నడుమ రాతిమెట్ల వీధులు. బస ఎక్కువగా హోంస్టేల్లోనే. ఈ ఊళ్లన్నీ కలిపి నడిచే విదేశీయులు కనిపించని రోజులే ఎక్కువ.

రాత్రి పడుకునే ఊళ్లేవీ సుమారు 2,200 మీటర్లు దాటవు కాబట్టి ఎత్తు వల్ల వచ్చే జబ్బు భయం దాదాపు లేదు. ఇక్కడ మనిషిని దెబ్బతీసేవి వేరే ఉన్నాయి: రాతిమెట్లు, జీపు రోడ్డు కోసేసిన కాలిబాట, ముందు చెప్పకుండా పొద్దుపోయాక ఊళ్లోకి దిగడం. ఈ మూడూ సర్దుకుంటే మిగతాదంతా సుఖంగా సాగుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా ఆకాశం తేటగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో అడవి లాలీగురాస్ (రోడోడెండ్రాన్) పూలతో ఎర్రబడుతుంది కానీ మధ్యాహ్నానికి మబ్బు కమ్మి, ఒక్కోసారి వడగళ్లు పడతాయి. శీతాకాలంలో పగలు హాయిగా ఉంటుంది. రాత్రి మాత్రం 2,000 మీటర్ల ఊళ్లలో సున్నాకు దగ్గరగా పడిపోతుంది, ఆ ఇళ్లలో హీటర్లుండవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు. వాన ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు, కొండచరియలు, జలగలు తోడవుతాయి.

పండగలు చూసుకుని తేదీలు వేసుకోవాలి. దశైం (మన దసరా) రోజుల్లో బస్సుల్లో సీటు దొరకదు, గైడ్లు సొంత ఊళ్లకు పోతారు. గురుంగ్‌ల కొత్త సంవత్సరం తము ల్హోసార్ పుస్ నెల 15న, అంటే మన లెక్కలో డిసెంబరు 30 ప్రాంతంలో వస్తుంది. అప్పుడు వెళ్తే ఆటపాటలు చూడొచ్చు కానీ ఇళ్లన్నీ చుట్టాలతో నిండి ఉంటాయి, పడక కోసం చాలా ముందే మాట్లాడుకోవాలి.

కాగితాలు, డబ్బు

మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లే పెద్దలు పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ చూపాలి. ఆధార్ చూపించి విమానం ఎక్కేద్దామనుకుని కౌంటర్ దగ్గర ఆగిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ ఊళ్లన్నీ అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతంలోకి వస్తాయి. 1986లో మొదలైన ఈ ప్రాజెక్టును అక్కడ అందరూ ‘యాకాప్’ అంటారు. సార్క్ దేశాలవాళ్లకు ప్రవేశ రుసుము 1,000 నేపాలీ రూపాయలు, మన లెక్కలో 625. కాఠ్‌మాండూలో గానీ పోఖరాలో గానీ ముందే కట్టేయండి. పర్మిట్ లేకుండా దారిలోని చెక్‌పోస్టు దాకా వెళ్తే రెట్టింపు వసూలు చేస్తారు. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లు లైసెన్సున్న గైడ్‌ను వెంట తీసుకోవాలన్న నిబంధన ఉంది. పేరున్న దారుల్లో ఈ నిబంధన గురించి ఎన్ని వాదనలైనా ఉండొచ్చు, ఈ దారిలో మాత్రం గైడ్ నిజంగానే అవసరం. లమ్‌జుంగ్ లేదా కాస్కీకి చెందిన గురుంగ్ గైడ్‌నే అడగండి. రోజుకు 3,000 నుంచి 4,500 నేపాలీ రూపాయల దాకా అవుతుంది. ఇళ్లవాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడగలగడం ఒక్కటి చాలు, ఆ డబ్బు గిట్టుబాటైనట్టే.

భారత రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఇది స్థిరమైన మారకం. పోఖరాలోనో, నడకకు ముందు బస్సు దిగే బేసీసహర్‌లోనో మొత్తం మార్చుకోండి, ఆపైన ఏటీఎంను నమ్ముకోవద్దు. 1,000 నోట్లు పల్లెలో చిల్లర లేక తలనొప్పి అవుతాయి, సగం డబ్బు 100, 50 నోట్లలో ఉంచుకోండి. గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకోవడం కూడా మరవకండి. తెల్లవారుజామున ఒకే ఒక్క బస్సు ఉన్న చోట ఆ పావుగంటే దెబ్బకొడుతుంది.

రోజువారీ దారి

కాఠ్‌మాండూ నుంచి బేసీసహర్‌కు బస్సులో ఆరు నుంచి ఎనిమిది గంటలు, పోఖరా నుంచి సుమారు నాలుగు. రెండు వైపుల నుంచీ పృథ్వీ హైవే మీద దుమ్రే దాకా వచ్చి ఉత్తరానికి తిరగాలి. రైల్లో వచ్చేవాళ్లు గోరఖ్‌పూర్‌లో దిగి, సునౌలీ సరిహద్దు దాటి పోఖరా బస్సు పట్టుకోవచ్చు. కొండదారి కాబట్టి దానికి ఒక పూర్తి రోజు కేటాయించాలి.

బేసీసహర్ దాటాక ఖుదీ, సుమారు 800 మీటర్ల ఎత్తు. అసలు నడక ఇక్కడే మొదలు. మొదటిరోజే ఘన్‌పోఖరా, సుమారు 2,150 మీటర్లు. అంటే 1,350 మీటర్ల నిలువు ఎక్కుడు. బ్యాగుతో గంటకు 250 నుంచి 300 మీటర్లు ఎక్కడం మంచి వేగం కింద లెక్క, కాబట్టి ఐదు గంటలు నడక, గంటన్నర విశ్రాంతి. పొద్దున ఏడు దాటాక బయల్దేరితే కింది సగం ఎండలోనే గడుస్తుంది, మొదటి రోజు కుదేలయ్యేది అక్కడే. మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోయండి.

ఘన్‌పోఖరా నుంచి ఘలేగావ్ గంటన్నర, గట్టు వెంట దాదాపు సమంగా సాగుతుంది. ఈ రోజును చిన్నదిగా ఉంచడమే మంచిది, నిన్నటి పిక్కలు సర్దుకుంటాయి. తెల్లవారుజామున ఘలేగావ్ నుంచి లమ్‌జుంగ్ హిమాల్, అన్నపూర్ణ 2, మాఛాపుఛ్రే, తూర్పున మనాస్లు వైపు కొండలు కనిపిస్తాయి. పేరు పెరిగి వారాంతాల్లో కాఠ్‌మాండూ జీపులు బారులు తీరే ఊరు ఇది. వారాంతపు రాత్రి ఇక్కడ పడకుండా చూసుకోండి.

ఘలేగావ్ నుంచి భుజుంగ్ 500 మీటర్ల దిగుడు, మూడు గంటలు. వందల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే పెద్ద ఊరు, ఈ దారి మొత్తానికీ ఇదే మేటి. వీలుంటే రెండు రాత్రులు ఉండండి. మర్నాడు మిదిం ఖోలా అనే ఏటి దాకా దిగి, వంతెన దాటి, ఎదుటి కొండ ఎక్కితే పస్‌గావ్. కళ్లెదుటే కనిపిస్తుంది, గంటలో చేరిపోతామనిపిస్తుంది, మూడున్నర గంటలు పడుతుంది.

పస్‌గావ్ నుంచి పశ్చిమంగా గట్టు దాటి మాదీ నది లోయలోకి దిగే రోజు చాలా పొడుగు: ఏడెనిమిది గంటలు, ఎక్కువభాగం అడవి, టీ కొట్లు లేవు. యాంగ్జాకోట్ గానీ, తాంగ్టింగ్ గానీ చేరాలి. ముందురోజు రాత్రే ఇంటావిడతో చెప్పి మధ్యాహ్నం తిండి కట్టించుకోండి. గైడ్ కూడా పస్‌గావ్‌లో ఒకసారి దారి అడిగి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే గత వానల్లో ఏ వాగు ఏ మలుపును కోసేసిందో ఊరివాళ్లకే తెలుసు. వాన పడుతుంటే ఆ రోజు ఆగిపోండి. చివరి రోజు తాంగ్టింగ్ నుంచి మాదీ దాకా దిగి ఎదుటి ఒడ్డున సిక్లేస్‌కు ఎక్కడం, నాలుగైదు గంటలు.

మెట్ల సంగతి

500 మీటర్లు దిగడమంటే ఒక్కో మెట్టు 17 సెంటీమీటర్లనుకున్నా సుమారు 3,000 మెట్లు. ఎక్కేటప్పుడు ఊపిరి బాధ, దిగేటప్పుడు మోకాలి బాధ. రెండోదే ట్రెక్‌ను మధ్యలో ఆపేస్తుంది.

దిగే ముందు రెండు చేతికర్రలనూ ఐదారు సెంటీమీటర్లు పొడుగు చేసుకోండి. బూటు లేసు చీలమండ దగ్గర బిగించి, వేళ్ల దగ్గర వదులు చేయండి. కాలిగోళ్లు బయల్దేరే ముందురోజే కత్తిరించుకోవాలి. లేకపోతే భుజుంగ్ చేరేసరికి బొటనవేళ్ల గోళ్లు నల్లబడతాయి. పాదం మెట్టు అంచు మీద కాకుండా లోపలికి పడాలి. అంచులు తరాల నడకతో నున్నగా అరిగిపోయి ఉంటాయి, తడిస్తే సబ్బులా జారతాయి. ఉత్తరం వైపు నీడలో ఉన్న మెట్లకు పాచి పడుతుంది, అక్కడ పక్కన మట్టి ఉంటే దాని మీదే నడవండి. మోకాలి నొప్పి మొదలయ్యాక నీక్యాప్ వేసుకునే బదులు మొదటి దిగుడు నుంచే వేసుకోండి. బ్యాగు 8 కిలోలు మించకూడదు. హోంస్టేల్లో దుప్పట్లుంటాయి కాబట్టి స్లీపింగ్ బ్యాగు బదులు పల్చటి లోపలి సంచి చాలు.

గాడిదలు, కంచరగాడిదలు, గేదెలు ఎదురైతే కొండ వైపుకు జరిగి నిలబడాలి, లోయ వైపుకు ఎప్పుడూ కాదు. మూటలు తగిలి మనుషులు జారిపోయేది అటువైపే. వేలాడే వంతెన మీద మంద ఎక్కి ఉంటే అది పూర్తిగా దాటేదాకా ఇవతలే ఆగండి.

కాలిబాట పోగొట్టుకోకుండా

ఈ ఊళ్లలో చాలావాటికి ఇప్పుడు జీపు రోడ్డు వచ్చింది. ఊరివాళ్లకు అది వరం, అందులో వాదనకేమీ లేదు. నడిచేవాళ్లకు మాత్రం చిక్కు. పాత రాతిబాట నిటారుగా దిగుతుంటే రోడ్డు దాన్ని నాలుగైదు చోట్ల అడ్డంగా కోస్తుంది. కోసిన చోట మెట్లు మాయమై బుల్డోజరు తోసిన మట్టి మిగులుతుంది. తెలియనివాళ్లు రోడ్డే పట్టుకుని దుమ్ములో మూడు రెట్ల దూరం నడుస్తారు.

రోడ్డు అడ్డొచ్చిన ప్రతిచోటా వెంటనే నడవకండి. ముందు కింది అంచు దాకా వెళ్లి కుడికీ ఎడమకీ పది నుంచి ముప్పై మీటర్లు చూడండి. రాతిగోడలో ఖాళీ, నీటి కుళాయి, చౌతారా కనిపిస్తే బాట అక్కడే. చౌతారా అంటే మూటలు మోసేవాళ్లు వీపు ఆనించి దించుకునేందుకు కట్టిన రాతి అరుగు. పక్కనే రావి, మర్రి ఉంటాయి. చౌతారా ఉందంటే అది పాత రాదారేనని నమ్మొచ్చు.

అడవిలో తప్పిపోయేది ఎక్కువగా పశువుల బాటల వల్ల. ఊరికి పోయే బాటలో రాళ్లు పరిచి ఉంటాయి, నిటారు చోట మెట్లుంటాయి. పశువుల బాట కొండ నడుముకు అడ్డంగా సాగి, పావుగంటలో రెండు మూడుగా చీలి, సన్నబడి పోతుంది. పది నిమిషాలుగా ఒక్క పరిచిన రాయి కూడా కనిపించకపోతే వెనక్కి తిరగండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆఫ్‌లైన్ యాప్ ఒకటి ఫోన్లో ఉండాలి కానీ, అందులో వాడుక పోయి పొదలు మూసేసిన బాటలు కూడా గీతలై కనిపిస్తాయి.

దారి అడిగే తీరు కూడా ముఖ్యం. “ఇది పస్‌గావ్‌కేనా?” అని అడిగితే ఎదుటివాళ్లు మర్యాదకు ఔననేస్తారు. “పస్‌గావ్ జానే గోరేటో బాటో కున్ హో?” అనండి, పస్‌గావ్‌కు పోయే కాలిబాట ఏదని. చెయ్యి చూపించి చెబుతారు. ఎంతసేపు పడుతుందన్నదానికి వచ్చిన జవాబును రెండుతో హెచ్చవేసుకోవాలి. వాళ్లు చెప్పేది వాళ్ల కాళ్ల లెక్క. గూర్ఖా పటాలాల్లో చేసి వచ్చిన పెద్దవాళ్లు ఈ ఊళ్లలో చాలామంది ఉంటారు, భారత సైన్యంలో పనిచేసినవాళ్లకు హిందీ బాగా వస్తుంది. చౌతారా మీద కూర్చున్న పెద్దాయనను అడిగితే దారితోపాటు తను ఏ ఏ కంటోన్మెంట్లలో ఉన్నాడో కూడా చెబుతాడు.

జలగలు

మే నుంచి అక్టోబరు మొదటివారం దాకా తడి అడవిలో తప్పవు. మేజోళ్లలోకి ప్యాంటు దోపి, వాటిపైన ఉప్పునీళ్లలో ముంచి ఆరబెట్టిన ఇంకో జత వేసుకోండి. కర్ర చివర ఉప్పు మూట కట్టి, పట్టినచోట అద్దితే ఊడిపోతుంది. చేత్తో పీకకండి, నోటిభాగం చర్మంలో ఉండిపోతే పుండు పడుతుంది. గోరు పక్కనుంచి జరిపి నోటి వైపు వదిలించాలి. రక్తం గడ్డకట్టకుండా జలగ ఒక పదార్థం వదులుతుంది కాబట్టి ఆ తర్వాత కూడా కారుతూనే ఉంటుంది. కంగారు పడకుండా గుడ్డతో గట్టిగా నొక్కి కట్టు కట్టండి. ఆగిన చోట పచ్చిగడ్డి మీద కూర్చోవద్దు, రాయి మీద కూర్చోండి.

ఇంట్లో

హోంస్టే ఇల్లు మనం ఎంచుకునేది కాదు. ఊరి కమిటీ వంతులవారీగా కేటాయిస్తుంది, ధర కూడా కమిటీదే: మంచం, రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ కలిపి తలకింత. బేరం ఆడకూడదు. ఫలానా ఇల్లు బాగుందని అక్కడికే వెళ్తామనడం కూడా పద్ధతి కాదు. గైడ్‌తో ముందురోజే ఫోను చేయించి, ఎంతమంది, మాంసం తింటారా లేదా, ఎన్నింటికి చేరతారు అన్నవి చెప్పించాలి. పడుచువాళ్లు గల్ఫ్‌కో, సైన్యానికో, పోఖరాకో పోయిన ఇళ్లలో చాలాచోట్ల ఒక పెద్దావిడ, మనవలు మాత్రమే ఉంటారు. నీళ్లు, కట్టెలు, పశువుల పని అన్నీ ఆవిడవే. చీకటిపడ్డాక నలుగురు వచ్చి అన్నం పెట్టమంటే పెడుతుంది, కానీ మళ్లీ పొయ్యి రాజేసి గంటన్నర కష్టపడాలి. నాలుగు గంటల లోపు చేరండి.

పెద్దావిడను ఆమా అనీ, నడివయసావిడను దిదీ అనీ, మగవాళ్లను దాయ్ అనీ పిలవాలి. నమస్తే చాలు. గురుంగ్ భాషలో “ఛ్యాజలో” అని పలకరిస్తే వాళ్ల మొహం విప్పారుతుంది.

చెప్పులు గుమ్మం బయటే. పొయ్యిచుట్టూ ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చోవాలి. పొయ్యిని, ఎవరి కాళ్లనైనా దాటి వెళ్లకూడదు. చెత్త, ప్లాస్టిక్ కవర్లు పొయ్యిలో వేయకూడదు. ఎంగిలి పట్టింపు అక్కడా ఉంది, ‘జూఠో’ అంటారు: మీ చెంచా గిన్నెలో పెట్టొద్దు, చెంబు నీళ్లు పెదవికి తగలకుండా ఎత్తి తాగండి. మనకు ఇది నేర్పించాల్సిన పని లేదు.

తిండి వేళలు మాత్రం తేడా. పల్లెల్లో పొద్దున్నే టీ, తొమ్మిదిన్నర పదింటికి పూర్తి అన్నం, మధ్యాహ్నం చిరుతిండి, రాత్రి ఏడింటికి మళ్లీ అన్నం. ఆరున్నరకే బయల్దేరితే పొట్టలో టీ ఒక్కటే ఉంటుంది. ముందురాత్రే రొట్టె, గుడ్లు అడగండి, లేదా అటుకులు, వేయించిన మక్కగింజలు కట్టించుకోండి.

అన్నం, పప్పు ఎక్కడైనా దొరుకుతాయి కానీ ఒక రాత్రయినా ఢిండో అడగండి. రాగిపిండితోనూ మొక్కజొన్నపిండితోనూ చేస్తారు, రాగిదే అడగాలి. ఇనపగిన్నెలో నీళ్లు తెర్లుతుండగా పిండి కొద్దికొద్దిగా చల్లుతూ, చెక్క గరిటెతో పదిహేను ఇరవై నిమిషాలు గిన్నె అడుగు తాకేలా తిప్పుతారు. గరిటెకు అంటుకోకుండా ముద్ద గిన్నె నుంచి విడిపడితే అయినట్టు. రాయలసీమ సంగటి తిన్నవాళ్లకు తేడా ఒక్కటే, ఇందులో అన్నం కలపరు. నమలకుండా, గుంద్రుక్ పులుసులో ముంచి మింగాలి. గుంద్రుక్ ఆవాకు, ముల్లంగి ఆకు పులియబెట్టి ఎండబెట్టినది. కారం తక్కువనిపిస్తే మీ కందిపొడి పొట్లం విప్పొచ్చు, ఆమాకు కూడా కాస్త వడ్డించండి. తర్వాత రాగి సారా వెచ్చగా వస్తుంది. వద్దనుకుంటే గ్లాసు మీద అరచెయ్యి పెట్టి నవ్వితే చాలు. పోసిన తర్వాత వదిలేయడం బాగుండదు.

అర్ఘుం అనే అంత్యకర్మ, వైశాఖ పౌర్ణమి రోజుల్లో జరిగే ఘాటు నృత్యం కంటపడితే దూరంగా, పక్కగా కూర్చోండి. ఘాటులో ఆడపిల్లలు పూనకంలో కళ్లు మూసుకుని ఆడతారు. ఫ్లాష్ కొట్టడం, దగ్గరికెళ్లి తాకడం పెద్ద తప్పు.

కొండతేనె గురించి ఒక హెచ్చరిక

ఈ కొండల గురుంగ్‌లు రాతిగోడల మీద పట్టే పెద్ద తేనెటీగల తేనెను తాళ్ల నిచ్చెనలతో దిగి, ఏటా వసంతంలోనూ శరత్తులోనూ తీస్తారు. వసంతం తేనెలో లాలీగురాస్ జాతి పూల విషం ఉండొచ్చు. మోతాదు మించితే తల తిరగడం, వాంతులు, నాడి నెమ్మదించి బీపీ పడిపోవడం జరుగుతాయి. చెంచాడు కూడా కొందరికి ఎక్కువే. గుండెజబ్బు ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు అసలు ముట్టుకోవద్దు. కొనాలనుకుంటే ఏ కాలంలో తీసిందో అడిగి కొనండి.

తిరుగు ప్రయాణం

సిక్లేస్ నుంచి పోఖరాకు బస్సు, జీపు ఉన్నాయి. వానల తర్వాత రోడ్డు పాడైతే నాలుగు గంటల దారి ఆరు గంటలవుతుంది. బస్సు ఎన్నింటికో ముందురోజు సాయంత్రమే అడిగి, హోంస్టే వాళ్లతోనే డ్రైవరుకు ఫోను చేయించి సీటు చెప్పించుకోండి. ఒక రోజు మిగిలితే కపుచే సరస్సుకు వెళ్లి రావచ్చు, ఎత్తు 2,500 మీటర్ల చుట్టుపక్కలే. మంచుగడ్డలు విరిగిపడే గోడ కిందకు మాత్రం వెళ్లొద్దు. సిక్లేస్ పైనున్న కోరీ గట్టు సుమారు 3,800 మీటర్లు, అది వేరే లెక్క. ఈ పల్లెల ఎత్తుకు అలవాటుపడిన శరీరంతో ఒక్కరోజులో ఎక్కి దిగే చోటు కాదు, మధ్యలో కనీసం ఒక రాత్రి ఆగాలి. కాఠ్‌మాండూ నుంచి విమానం ఉంటే పోఖరా చేరిన రోజుకూ ఆ విమానానికీ మధ్య ఒక ఖాళీ రోజు తప్పకుండా ఉంచుకోండి. పృథ్వీ హైవే మీద ఒక్క చరియ విరిగినా వాహనాలు గంటల తరబడి నిలిచిపోతాయి.